నొక్కిన ప్రతి అక్షరం

కోర్టు గేటుకు ఎదురుగా ఏడు టైపింగు గదులున్నాయి. మూడోది నాది. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. మిషను మాత్రం మూడుసార్లు మారింది. వరసలో అందరూ నన్ను తాళంకప్ప అంటారు. ముందు చాటుగా అనేవాళ్ళు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, నేనూ పలకడం మొదలుపెట్టాను. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో కానీ తప్పు పెట్టలేదు. మిగతా ఆరు గదుల్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున ఒకడి విడాకుల కాగితం టైపు చేస్తే, మధ్యాహ్నానికి టీ కొట్టు దగ్గర దాని మీద తీర్పు కూడా చెప్పేస్తారు.

నా పద్ధతి వేరు. చెప్పింది టైపు చేస్తాను, రెండు కాపీలు తీస్తాను, వాళ్ళ చేతే చదివిస్తాను. చదవడం రానివాళ్ళకు తలుపు వేసి నేనే చదివి వినిపిస్తాను. ఆ తరవాత తెర వాళ్ళ వైపు తిప్పి, వాళ్ళ కళ్ళ ముందే ఫైలు చెరిపేస్తాను. చెత్తబుట్ట బొమ్మలో మిగిలింది కూడా ఖాళీ చేస్తాను. "చూశారుగా, ఇక మీ మాట మీ చేతిలో ఉన్న కాగితంలో తప్ప ఇంకెక్కడా లేదు" అంటాను. ఆ మాట అనడం నాకిష్టం. అది వినగానే మనిషి భుజాలు కొంచెం కిందికి దిగుతాయి. అది చూడటానికే కొన్ని రోజులు పనికి వచ్చేదాన్ని. రెండు రోజుల తరవాత ఏ తప్పో దిద్దించుకోవడానికి మళ్ళీ వస్తే, మొత్తం మొదటి నుంచి కొట్టాల్సి వచ్చేది. పక్క గది అమ్మాయి నవ్వేది. నవ్వితే నవ్వనీ. ఆ అమ్మాయి మిషను తెరిస్తే అందరి కాపురాలూ తీగ మీద ఆరేసిన బట్టల్లా కనిపిస్తాయి.

నా పద్ధతి గురించి ఎవరో చెబితే విని వచ్చినవాడే ఈ స్టోర్‌కీపరు. ఒక గురువారం నేనింకా గది తాళం తీస్తుండగానే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకున్న మనిషి. బట్టలకు రంగులు తయారుచేసే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా స్టోరు చూస్తున్నాడు. నాలుగు నెలల కిందట ఆ ఫ్యాక్టరీలో విషవాయువు లీకై నలుగురు చనిపోయారు. వెనక తలుపు తీసే ఉందనీ, కంగారులో వాళ్ళే అటు రాలేకపోయారనీ కంపెనీ చెప్పింది.

తీసి లేదు. బయటి నుంచి తాళం వేసి ఉంది. సరుకు దొంగతనంగా బయటికి పోతోందని మేనేజరు వేయించిన తాళం అది. ఇతనికి ఎలా తెలుసంటే, స్టోర్లోంచి ఆ తాళం తీసి ఇచ్చింది ఇతనే. అక్కడ మేకు బయటికి పోయినా పుస్తకంలో సంతకం పెట్టాలి. మేనేజరు తాళం తీసుకున్నట్టు తేదీతో సహా సంతకం పెట్టాడు. ప్రమాదం జరిగిన మర్నాడే ఇతను ఆ పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకుని ఇంటికి తెచ్చేశాడు. పద్దెనిమిదేళ్ళలో స్టోర్లోంచి సంతకం లేకుండా పోయిన వస్తువు అదొక్కటేనని చెప్పి, నవ్వబోయి మానేశాడు.

చనిపోయిన నలుగురిలో ఒకడు ఇతని బావమరిది. ఉద్యోగం ఇప్పించింది ఇతనే.

వచ్చే సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చనిపోయినవాళ్ళ తరఫు లాయరు వేరే ఊళ్ళో కేసు మీద ఉండి, తను సోమవారం పొద్దున వచ్చేసరికి అంతా కాగితం మీద పెట్టి ఉంచమన్నాడట. ఎక్కడ ఉంటున్నారు, పుస్తకం ఎక్కడ పెట్టారు, ఏదీ వదలొద్దన్నాడట. తనకేమన్నా అయితే ఆ పుస్తకం లాయరుకు దొరకాలి కదా అన్నాడు స్టోర్‌కీపరు. అప్పటికే బెదిరింపులు రావడంతో మొగుడూ పెళ్ళాం ఇల్లు వదిలేసి ఆవిడ పిన్నిగారింట్లో తలదాచుకుంటున్నారు. ఆ ఇంటి నంబరు చెప్పాడు, టైపు చేశాను. పుస్తకం సంగతి దగ్గరికి వచ్చేసరికి, తలుపు వేసి ఉన్నా గొంతు తగ్గించాడు. పిన్నిగారి కుట్టుమిషను కింద సొరుగులో, దారపు ఉండల వెనక. అదీ టైపు చేశాను. బావమరిది గురించి చెప్పేటప్పుడు అతని గొంతు కాదు, నా కళ్ళే మోసం చేశాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ మీటల మీద వేళ్ళు పెట్టాను.

అంతా అయ్యాక తెర తిప్పి చెరిపేశాను. నా మాట నేను చెప్పాను. అతని భుజాలు దిగాయి. రెండు కాపీలూ కవర్లో పెట్టుకుని వెళ్తూ వెళ్తూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీలాంటి వాళ్ళు ఒకరున్నారని తెలిస్తే ధైర్యంగా ఉంటుందక్కా అంది.

శనివారం పట్టపగలు, వీధిలో జనం తిరుగుతుండగా, పిన్నిగారింటికి ముగ్గురు మనుషులు వచ్చారు. పుస్తకం ఏదని అడగలేదు. ఒకడు నేరుగా కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి సొరుగు లాగి, దారపు ఉండలు పక్కకు జరిపి పుస్తకం తీసుకున్నాడు. బల్ల మీదున్న కవరు కూడా తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ స్టోర్‌కీపరును పట్టుకుని, ఏ చేత్తో సంతకం పెడతావని అడిగారు. అతను చెప్పలేదు. రెండు చేతులూ తలుపు సందులో పెట్టించి, తలుపు మూశారు.

ఇదంతా నాకు తెలిసింది సోమవారం. స్టోర్‌కీపరు భార్య నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు తీసే ఉంది. వరసంతా వింటోంది. ఆవిడ అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మాటకు మాట అప్పజెప్పడంలో నాకు ఎవరూ సాటి రారు. కానీ ఆవిడ అరవలేదు.

"ఆ సొరుగు సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పిన్నికి తెలుసు. నాలుగో మనిషి మీరేనక్కా" అంది. "ఎంతకు అమ్మారని అడగడానికి రాలేదు. మా తమ్ముడి గురించి టైపు చేస్తూ కళ్ళు తుడుచుకున్నారు కదా, అది నిజంగానేనా? అదొక్కటి చెప్పండి చాలు."

నిజమేనన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆవిడ ఇంకొంచెంసేపు నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర, తాళంకప్పకు మారుతాళం ఎంతకు చేయించారో అని ఎవరో అంటే, అందరూ నవ్వడం కిటికీలోంచి విన్నాను. ఆ వారం నా కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఇద్దరే.

నేను అమ్మలేదు. మరి మాట ఎలా బయటికి పోయింది? గోడకు చెవులుంటాయంటారు, లేచి గోడ తట్టి చూశాను. ప్రింటరు లోపల ఏమన్నా మిగిలిపోతుందేమోనని దాన్ని విప్పి చూశాను. పక్క గది అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి వినేదేమోనని రెండు రోజులు అనుమానించి, ఆ పిల్లను పలకరించడం మానేశాను. పాపం, ఆ పిల్లకు తన కాగితాలే గుర్తుండవు. చివరికి మా మరిదికి ఫోను చేశాను. కంప్యూటర్లు బాగుచేయడమే అతని పని. వస్తూనే, ఏం వదినా, మిషను కూడా మీలాగే మూతి ముడుచుకుందా అని హాస్యమాడాడు. అతని నోటికి తాళం వేసే కప్ప ఇంకా తయారుకాలేదు. పావుగంట గడిచేసరికి ఆ నోరు దానంతటదే మూతపడింది.

గంట తరవాత కుర్చీ నా వైపు తిప్పాడు.

"వదినా, ఈ టైపింగు సాయం ప్రోగ్రాం ఎవరు పెట్టారు?"

గుమాస్తా పెట్టాడు. ఎదురు వీధిలో పెద్ద లాయరు ఆఫీసులో గుమాస్తా. పదేళ్ళ పరిచయం. నా మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో మందుల వరసలో నా బదులు నిలబడ్డ మనిషి. అక్కయ్యా అని తప్ప పిలవడు. ఏడాదిన్నర కిందట ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని ఏడు గదులూ తిరిగాడు. రెండు అక్షరాలు కొడితే మాట మొత్తం అదే వచ్చేస్తుందన్నాడు. నిజంగానే వచ్చింది. 'సదరు' అని మొదలుపెడితే 'సదరు వ్యక్తి' అని పూర్తిచేసేది, వేళ్ళ నొప్పి సగం తగ్గింది. పెట్టేటప్పుడు, మిషనుకు కాపలా కాసే యాంటీవైరస్ ప్రోగ్రాం తరఫున తెర మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చి, ఇది ప్రమాదం, అనుమతిస్తారా అని అడిగింది. కొత్తవంటే దానికి గిట్టదక్కయ్యా, అవునని నొక్కండి అన్నాడు. నొక్కాను. మర్నాడు మళ్ళీ అడిగింది, మళ్ళీ నొక్కాను. మూడో రోజు విసుగొచ్చి, ఇక ఈ ప్రోగ్రాం జోలికి రావద్దని ఆ కాపలా ప్రోగ్రాంకు నేనే చెప్పి పెట్టాను. కుక్క మొరుగుతోందని విసుక్కుని, దాని మూతి నా చేతులతో నేనే కట్టేశాను.

మా మరిది నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆ ప్రోగ్రాం చేస్తానన్న పని చేస్తుంది. చేస్తూనే చాటుగా ఇంకో పని చేస్తుంది. నొక్కిన ప్రతి మీటనూ వరసగా రాసుకుంటుంది. ఐదు నిమిషాలకోసారి తెరను ఫొటో తీసుకుంటుంది. అదంతా మూటగట్టి, నెట్ ఉన్నప్పుడల్లా దాన్ని పెట్టినవాడికి పంపిస్తుంది. దీన్ని స్పైవేర్ అంటారు. వైరస్ అయితే మిషను పాడవుతుంది, మనకు తెలిసిపోతుంది. ఇది పాడు చెయ్యదు. మిషను ఎంత బాగా నడిస్తే దానికంత లాభం. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా ఆగలేదని నేను ఆ మిషనును మెచ్చుకున్న రోజులున్నాయి.

"నేను చెరిపేస్తాను కదా" అన్నాను. "వాళ్ళ కళ్ళ ముందే చెరిపేస్తాను."

"మీరు చెరిపేది ఫైలును వదినా. అది రాసుకునేది మీ వేళ్ళను. మీరు చెరిపేసరికే అది వెళ్ళిపోయి ఉంటుంది. చెరిపేశారన్న సంగతి కూడా రాసుకుంటుంది."

తీసిపారెయ్యమన్నాను. వద్దన్నాడు. తీసేస్తే సాక్ష్యం పోతుంది, నెట్ వైరు పీకేసి మిషనును ఉన్నది ఉన్నట్టు పోలీసులకు అప్పజెప్పమన్నాడు. వైరు పీకి నా చేతిలో పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ వైరు చుట్టి సొరుగులో పెట్టాను. ఫ్యాక్టరీ కేసులో కంపెనీ తరఫున వాదిస్తున్నది ఆ గుమాస్తా పనిచేసే లాయరేనన్న సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. అది నాకెందుకు, నేను అందరికీ టైపు చేస్తాను అనుకున్నదాన్ని.

మర్నాడు గుమాస్తాను కోర్టు మెట్ల మీద పట్టుకున్నాను. చంకలో ఫైళ్ళు, మొహం నిండా మర్యాద. ఎందుకు చేశావని అడిగాను. చెయ్యలేదని బుకాయిస్తాడనుకున్నాను, ఆ శ్రమ కూడా పడలేదు. పెన్‌డ్రైవ్ తనకు ఎవరో ఇచ్చారన్నాడు, అందులో ఏముందో తనకేం తెలుసన్నాడు. అవునని నొక్కిన వేలు నాదే కదా అన్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్తే వెళ్ళమన్నాడు, అయితే ఏడాదిన్నరగా నేను టైపు చేసిందంతా పరాయివాళ్ళ చేతిలో పడిందని ముందు నా నోటితో నేనే చెప్పుకోవాలి, ఆ తరవాత నా గది మెట్టు ఎవరు ఎక్కుతారో ఆలోచించుకోమన్నాడు. ఇదంతా నా మేలు కోరి చెబుతున్నట్టే చెప్పాడు. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఇంతకీ అమ్మాయికి ఆ ఉత్తరం పంపారా అక్కయ్యా?"

నా కూతురు నాతో మాట్లాడి మూడేళ్ళయింది. తప్పు నాదే. ఏం తప్పో ఇక్కడ చెప్పను. ఆరు నెలల కిందట, గిరాకీ లేని ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని దానికి ఉత్తరం టైపు చేశాను. క్షమించమని అడిగాను. దాని చిన్నప్పటి ముద్దుపేరుతో మొదలుపెట్టి, ఇంతవరకు ఏ మనిషితోనూ అనని మాటలు రాశాను. చదువుకుని సిగ్గేసి, కాగితం మీదికి తియ్యకుండానే చెరిపేశాను. ఆ ఉత్తరం సంగతి నా కూతురికే తెలియదు.

గుమాస్తా నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయాడు. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. నడివీధిలో ఎవరో నా కొంగు లాగేసినట్టయింది. భయం కంటే ముందు వచ్చింది సిగ్గు. ఆ తరవాత అనిపించింది, ఏడాదిన్నరగా నా బెంచీ మీద కూర్చుని వెళ్ళిన ప్రతి మనిషికీ ఇదే జరిగింది, వాళ్ళకింకా తెలియదు అంతే.

వెంటనే పరిగెత్తి నిజం చెప్పానని రాస్తే గొప్పగా ఉండేది. రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను. అమ్ముకున్నానన్న నింద ఎలాగూ పడింది, నాలుగు నెలలు పోతే మరిచిపోతారు, నోరు మూసుకుంటే గది మిగులుతుంది అని లెక్కలు వేసుకున్నాను. తేలు కుట్టిన దొంగలా ఉండటం ఎంత తేలికో ఆ రెండు రోజుల్లో తెలిసింది. మూడో రోజు పొద్దున ఆస్పత్రికి బయల్దేరాను. ధైర్యం వచ్చి కాదు, అలా కూర్చోవడం చేతకాక.

ఎముకల వార్డులో చివరి మంచం. స్టోర్‌కీపరు రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భార్య నన్ను వరండాలోకి తీసుకొచ్చింది. అక్కడే నిలబడి అంతా చెప్పాను. పెన్‌డ్రైవ్, ఎర్ర డబ్బా, కాపలా ప్రోగ్రాం మూతి నేనే కట్టెయ్యడం, ఏదీ దాచలేదు. మిషను పోలీసులకు ఇస్తానని, అవసరమైతే కోర్టులో నిలబడి చెబుతానని అన్నాను. ఆయన మళ్ళీ సాక్ష్యానికి సిద్ధపడితే ఈసారి తోడు నేనుంటానన్నాను.

ఆవిడ అంతా విని, తమ లాయరు సోమవారం వాయిదా తీసుకున్నాడనీ, నిన్న ఆస్పత్రికి వచ్చి వెళ్ళాడనీ చెప్పింది. తను స్టోర్లో పనిచేసిన మాట నిజమే కానీ తాళం సంగతి ఏమీ తెలియదని చెప్పి లాయరును పంపించేశాడట స్టోర్‌కీపరు. కాగితం మీద అలాగే రాసుకున్నా, వేలిముద్ర వెయ్యడానికి కూడా వేలు ఖాళీ లేక, లాయరు ఊరికే వెళ్ళిపోయాడట. పుస్తకం లేదు, ఆయన ఒట్టి మాట ఎవరు నమ్ముతారు, నమ్మించబోయి విరగ్గొట్టించుకోవడానికి ఇంకో చెయ్యి కూడా లేదు అంది.

"మీరు అమ్మలేదని నమ్ముతున్నానక్కా" అంది ఆ తరవాత. "నమ్మితే ఏమొస్తుంది చెప్పండి. మా తమ్ముడు తీసి ఉన్న తలుపు దాకా రాలేక చచ్చిపోయాడని రేపు కోర్టు రాస్తుంది. అది ఇక మారదు."

తల ఊపాను. ఇంకేం మిగల్లేదనుకుని వెళ్ళబోతుంటే, ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మాలాగా దాక్కున్నవాళ్ళు ఇంకెవరన్నా వచ్చారా మీ దగ్గరికి, ఈ ఏడాదిన్నరలో? వాళ్ళకు చెప్పారా?"

ఆవిడే వెళ్ళి నర్సు బల్ల మీద నుంచి ఒక కాగితం, పెన్ను తెచ్చి నాకిచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. రోజుకు అయిదారుగురు వచ్చేవాళ్ళు. ఒక్కరి కాగితమూ నా దగ్గర లేదు. పేర్లు పెట్టుకోలేదు, ఫోను నంబర్లు పెట్టుకోలేదు, అదే నా గొప్ప. నేను చెరిపేసిన ప్రతి కాగితం, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, గుమాస్తా మనుషుల దగ్గర భద్రంగా ఉంది. గంటసేపు తన్నుకులాడితే పదకొండు పేర్లు గుర్తొచ్చాయి. వాటిలో నాలుగు సగం పేర్లు. ఒక్కదానికీ ఇల్లు తెలియదు.

పన్నెండో మనిషి పేరు కూడా గుర్తు రాలేదు. చిన్నది, ఇరవై రెండు దాటి ఉండవు. చంకలో పాప. చెవి మీద కుట్లు. మొగుడి మీద ఫిర్యాదు టైపు చేయించుకుంది. తనెక్కడుందో తెలిస్తే బతకనివ్వడని, పాపను కూడా వదలడని చెప్పింది. ఇంటి నంబరు, వీధి, ఆ ఇంటికి మేడ మెట్లు బయటి నుంచి ఉంటాయన్న సంగతి, అన్నీ టైపు చేశాను. మొగుడి లాయరు ఎవరని అడిగితే, గుమాస్తా పనిచేసే ఆఫీసు పేరే చెప్పింది. తెర తిప్పి చెరిపేస్తుంటే, పాప చేత ఆ ఖాళీ తెరకు టాటా చెప్పించింది.

"వీధి పేరు, అక్కా" అంది స్టోర్‌కీపరు భార్య. నా పక్కన కూర్చుని కాగితంలోకే చూస్తోంది. "వీధి పేరు ఒక్కటి గుర్తొస్తే ఇప్పుడే వెళ్దాం. నేనూ వస్తాను."

కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళో నా వేళ్ళు వాటంతటవే కదిలాయి, ఆ వీధి పేరు మీటల మీద కొట్టింది అవే కనక. ఒక్క అక్షరమూ రాలేదు. ఆవిడ కాగితం పట్టుకుని అలాగే కూర్చుంది.